గట్లు మార్చే నది

"తల ఒక్కటే తీసెయ్యాలి," అన్నాడు మొరాన్. "కవచం జోలికి పోకు. కవచానిదేముంది, ఎవరు తొడుక్కున్నా సరిపోతుంది."

అచ్చుబొమ్మల దుకాణం వెనకగదిలో నిలబడి, రాగి పలకకు చుట్టిన ముతక కాగితాన్ని విప్పుతున్నాడు. పూర్తిగా విప్పకముందే పెరీన్‌కు తెలిసిపోయింది. చేతిలో సేనాని దండం, దాని కింద మడతలు పడ్డ పట్టువస్త్రం, ఉక్కు కవచం మీద కిటికీ నీడ. అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజు నుంచి గోడ మీద చూస్తున్న బొమ్మే. అక్కడ ఎడమవైపు చూసే మార్షల్ బ్రెవాల్ ఇక్కడ, రాగి మీద, కుడివైపు చూస్తున్నాడు. అచ్చులో బొమ్మ తిరగబడుతుంది గనక, అంతే తేడా.

"ఇది మా మామయ్య చెక్కింది కదండీ."

"తెలీకేం. కింద పేరుందిగా." మొరాన్ చేతులు దులుపుకున్నాడు. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. "యుద్ధంలో ఓడిపోయినవాడి మొహం ఎవడు కొంటాడమ్మా? పోయిన నెలనుంచి ఒక్కటీ కదల్లేదు. గెలిచినవాడేమో దొర్సీ. వాడికి బొమ్మ లేదు. ఈస్టర్ నాటికి పారిస్‌లో ప్రతి కిటికీలోనూ దొర్సీ కనపడాలి."

"కొత్త పలక చెక్కించకూడదూ?"

"దానికి ఏడాది పడుతుంది. అన్నాళ్ళు ఆయన గెలుస్తూనే ఉంటాడని నువ్వు రాసిస్తావా?"

పెరీన్ పలక అంచు మీద వేలు పెట్టింది. చల్లగా ఉంది.

"ముసలాయనకి చెప్పకు," అన్నాడు మొరాన్, గొంతు తగ్గించి. "కళ్ళు లేవుగా. ఎలా తెలుస్తుంది?"

"చెవులున్నాయి కదండీ."

"నువ్వు కాదంటే రేవు దగ్గర జిల్ ఉన్నాడు. వాడు గీకితే తోలు గీకినట్టే. చివరికి పలకే ఉండదు. నీ చేతికైతే పని తెలుసు. నువ్వు శుభ్రం చేసి తెస్తే, కొత్త తల నా దగ్గరివాడు చెక్కుతాడు. శనివారానికి కావాలి."

"పేరు?"

"పేరు ఉండనీ. రోషే అన్న పేరు చూసి కొనేవాళ్ళు ఇంకా ఉన్నారు."

జిల్ గీకడం పెరీన్ ఎరుగును. ఎవరో ఒకరు తీసేసేదే అయినప్పుడు, ఆ తీసేది తెలిసిన చెయ్యి కావడం మేలనుకుంది. అలా అనుకున్న మరుక్షణమే, ఇలాంటి పని ఒప్పుకునే ప్రతివాళ్ళూ మనసులో ఈ మాటే అనుకుంటారేమో అని కూడా తోచింది. కాగితం తిరిగి చుట్టి, పలకను పక్కటెముకలకు ఆనించుకుని బయలుదేరింది.

నాలుగో అంతస్తు. కింది అంతస్తులో అచ్చుయంత్రం చక్రం మూలుగుతోంది. రెండో మలుపు దగ్గర ఎవరి గదిలోంచో హెర్రింగు చేపల వాసన, ఈస్టర్ ముందు మాంసం ముట్టని నలభై రోజులూ ఈ మెట్లకు ఉండే వాసనే. పెరీన్ మూడుసార్లు ఆగింది. మోకాళ్ళు ఈ చలికాలం నుంచీ ఆమె మాట వినడం మానేశాయి.

గదిలో కిటికీకి నూనె కాగితం అతికించిన చట్రం వాలుగా ఆనించి ఉంది. దాని గుండా వడగట్టి వచ్చిన వెలుగులో పనిబల్ల, బల్లకు ఈ పక్కన బాజిల్ రోషే కుర్చీ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కళ్ళలో పాల పొర. కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతకుమించి తెలియదు. మోకాళ్ళ మీద కంబళి, కంబళి మీద రెండు చేతులు. ఆ వేళ్ళు పని లేకపోయినా ఎప్పుడూ దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉంటాయి. ఎదురుగా గోడ మీద మార్షల్.

"ఏం తెచ్చావే?" అన్నాడు ముసలాయన. "మెట్ల మీద ఎడమ కాలు ఈడ్చావు. పెద్ద పలకే."

"మ్యాపు, మామయ్యా."

"మ్యాపా."

"నది తప్పు పడిందిట. ఒక వంక గీకేసి, వెనకనుంచి కొట్టి పైకి లేపి ఇమ్మన్నాడు. మళ్ళీ చెక్కుకుంటారట."

"ఏ నది?"

ఆమె ఆలోచించలేదు. "లువార్."

ముసలాయన బొటనవేలు కంబళి అంచు మీద ముందుకీ వెనక్కీ కదిలింది. కింద చక్రం రెండుసార్లు తిరిగింది.

"లువార్ గట్లు మార్చే నది," అన్నాడు. "మెల్లగా కొట్టు."

గండం గడిచిందనుకుంది పెరీన్. కాగితం విప్పుతున్నప్పుడు చప్పుడు కాకుండా ఉండాలని ఊపిరి బిగబట్టింది. తరవాత, కాగితం చప్పుడుకు భయమెందుకని తన మీద తనే విసుక్కుంది.

* * *

మంగళవారం పొద్దున్న జుట్టుతో మొదలుపెట్టింది. జుట్టులో మనిషి కనపడడు, అది ఎవరి జుట్టైనా కావచ్చు. మూడంచుల కత్తిని వాలుగా పట్టుకుని తనవైపు లాగితే రాగి సన్నటి చుట్టలుగా లేచి వస్తుంది. ఒక దిక్కున నాలుగు లాగుళ్ళు, అడ్డంగా నాలుగు. ఒకే దిక్కున గీకితే కాలవ పడుతుంది. మునివేళ్ళతో చుట్టలను తుడిచి గిన్నెలో వేస్తోంది. గంటకోసారి కత్తిని నూనెరాయి మీద పదును పెడుతోంది.

"కత్తి మొద్దుబారింది," అనేవాడు ముసలాయన, సరిగ్గా ఆమె రాయి కోసం చెయ్యి చాచబోతున్నప్పుడు.

"తెలుసు మామయ్యా."

"తెలిసీ రెండు లాగుళ్ళు ఎక్కువ లాగావు. చిన్నప్పుడు పాలు పితికేటప్పుడు కూడా ఇంతేనా?"

"మా ఊళ్ళో ఆవులు మీలా నస పెట్టేవి కావు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారింది. ఆమె లేచి వెళ్ళి నీళ్ళిచ్చింది. నీళ్ళు తాగుతూ ఆయన బల్లవైపు మొహం తిప్పినప్పుడు, తెలియకుండానే చేతిగుడ్డ తీసి పలక మీద కప్పింది. చూడలేని మనిషి ముందు కప్పింది. తరవాత గుడ్డ తీయడానికి సిగ్గుపడింది.

మధ్యాహ్నం పప్పు ఉడికించి, హెర్రింగు ముక్క ఉప్పు పోయేలా నానబెట్టి పెట్టింది. తిన్నాక వెలుగు బాగుందని మళ్ళీ కూర్చుంది. నుదురు పోయింది. కనుబొమలు పోయాయి. నాలుగు గంటలకల్లా వెలుగు పచ్చబడింది, ఆ రోజుకు పని చాలించింది.

ఆ వేళకు రోజూ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బాజిల్ గోడవైపు మొహం తిప్పి అడుగుతాడు: "వాడెలా ఉన్నాడు?" తేమ పట్టలేదని, పచ్చబడలేదని, ఎడమ చెంప మీద వెలుగు నిలిచే ఉందని ఆమె చెప్పాలి. ఆ చెంప కోసమే ఆయన ఒక చలికాలమంతా కూర్చున్నాడు. గీత ఎక్కడా తెగకుండా, చెంప ఎముక దగ్గర ఉబ్బి, దవడకు దిగుతూ వెంట్రుకంత సన్నబడి, చివరికి గీత కాదు, ఊపిరి. చెప్పించుకున్నాక, "నేను పోయినా వాడుంటాడు," అని తల ఆడిస్తాడు. అది ఆయన సాయంకాలపు ప్రార్థన. నిజం ప్రార్థన దాని తరవాతే.

"వాడెలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు."

"చెంప?"

"ఉంది."

బల్ల మీద గుడ్డ కింద, నుదురు లేని మార్షల్ ఉన్నాడు. గోడ మీదివాడు కళ్ళు విప్పి చూస్తున్నాడు. కాగితం మీద ఒక మనిషి నిండుగా ఉండగా, ఆ మనిషి పుట్టిన చోట రాగి బోసిపోతూ ఉండడం ఆమెకు తల తిరిగేలా అనిపించింది. ముసలాయన సంగతీ అంతేనేమో. ఈ గదిలో కూర్చున్నది అచ్చు పడిన ప్రతి. పలక మటుకు ఎక్కడో ఎప్పుడో అరిగిపోయింది.

ఆయన తల ఆడించాడు. మిగిలిన మాట అనలేదు. దగ్గు అలసట అనుకుంది పెరీన్.

* * *

బుధవారం కళ్ళు తీసింది. ముందు కుడి కన్ను, తరవాత ఎడమ. చెంప దగ్గర చెయ్యి ఆగింది. కత్తి కింద పెట్టి, భూతద్దం తీసి, గీతలను ఒక్కొక్కటే దాటింది. చెక్కుడు ఉలి ఎక్కడ దిగిందో, మణికట్టు కదపకుండా పలకనే తిప్పుతూ ఎక్కడ వంపు తీసుకున్నాడో, ఎక్కడ ఊపిరి వదిలాడో రాగిలో కనిపిస్తూనే ఉంది. ఆమెకు చెక్కడం రాదు. పదిహేనేళ్ళుగా తీసెయ్యడమే వచ్చు. కానీ తీసేసేవాళ్ళు చూసినంత దగ్గరగా కొనేవాళ్ళెవరూ చూడరు.

"ఎందుకాగావు?"

"చెయ్యి నొప్పి."

"లువార్ పెద్ద నదే మరి."

ఆ మధ్యాహ్నం ఆమె చెంపను తీసేసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. భుజం నొప్పి మాత్రం పుట్టింది. అలసటలో దుఃఖానికి కూడా చోటు చాలదు. అయితే ఆ అలసట అడుగున మరొకటి ఉందని ఆమెకు తెలుసు. ఒక చిన్న వెచ్చదనం. ఈయన్ని నేను కాపాడుతున్నాను అన్నది. పదిహేనేళ్ళుగా ఈ గదిలో ఆమె మాట నెగ్గిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. భర్త మత్యూ బతికుండగా తండ్రీ కొడుకులిద్దరి మాటా, మత్యూ పోయాక ఈయన మాటా. ఇప్పుడు ఈయనకు తెలియనిది ఒకటి ఆమె చేతిలో ఉంది. దాన్ని గుడ్డలో చుట్టిన వేడి ఇటుకలా దగ్గర పెట్టుకుంటోంది. జాలి అని దానికి పేరు పెట్టుకుంది.

సాయంత్రానికి కవచం మెడ మీద పళ్ళెంలా, నిగనిగలాడే గుంట ఒకటి మిగిలింది. బొగ్గుముక్కను నీళ్ళలో ముంచి రుద్దింది, తరవాత నునుపు కడ్డీతో రుద్దింది. ఆ గుంటలో వంగి చూస్తే తన మొహమే కనిపించింది, ముక్కు లావుగా, నుదురు పొట్టిగా. మార్షల్ కవచంలో పెరీన్.

* * *

గుంటను అలాగే వదిలేస్తే అచ్చు వేసేటప్పుడు సిరా అక్కడ నిలబడి మసిమరక అవుతుంది. అందుకని వెనకనుంచి సుత్తితో కొట్టి, రాగిని మళ్ళీ మట్టానికి తేవాలి. గురువారం ఆ పని. వంకర కాళ్ళ కంపాసులో ఒక కాలు గుంట మీద ఆనిస్తే, రెండో కాలు పలక వీపు మీద సరిగ్గా అదే చోట గీత గీస్తుంది. ఎక్కడ కొట్టాలో ఆ గీత చెబుతుంది.

పలకను తిరగేసింది. వీపంతా కాగితాలు. అచ్చు వేసేవాళ్ళు ఒత్తిడి చాలని చోటల్లా వెనక కాగితం ముక్కలు అతికిస్తారు. పొర మీద పొర, మసీ జిగురూ కలిసి తోలులా గట్టిపడ్డాయి. తడిగుడ్డ కప్పి నానబెట్టింది. అరగంట తరవాత చెక్కపుల్లతో అంచు లేపి ఒలిచింది. ఒక పొర, ఇంకో పొర. బూడిద చల్లి తుడిచింది.

తల ఉండాల్సిన చోట, వీపు మీద, అరచేతి మేర సుత్తి దెబ్బలు ఉన్నాయి.

తను ఇంకా సుత్తి ముట్టుకోలేదు.

దగ్గరదగ్గరగా వేసిన గుండ్రటి సొట్టలు, బయటినుంచి లోపలికి చుట్టుగా. పాతవి, వాటి అడుగున మసి ఎండిపోయి ఉంది. పెరీన్ కంపాసు అక్కడే పట్టుకుని కూర్చుంది. ఎవరికైనా తప్పు పడుతుంది, అనుకుంది. మొదటిసారి చెక్కిన తల నచ్చక, తనే తీసేసి తనే మళ్ళీ చెక్కుకుని ఉంటాడు. అంత పట్టుదల గల మనిషే. అది నమ్మడానికి వీలుగా పలకను కిటికీవైపు ఎత్తింది. వెలుగు ఏటవాలుగా పడింది. అప్పుడు రెండోది కనిపించింది. కింద మూలన, సన్నటి పట్టీలా, బొటనవేలు పొడుగున, చిన్న సుత్తితో కొట్టిన మరో వరస.

పలకను ఇటు తిప్పింది. ఆ పట్టీకి సరిగ్గా ముందువైపు, బొమ్మ కింద ఉన్నది పేరు. *రోషే చెక్కెను.*

తల నచ్చకపోతే ఎవరైనా తల మారుస్తారు. తన పేరు తనకు నచ్చక ఎవరూ గీకుకోరు.

"చప్పుడు లేదేం?" అన్నాడు బాజిల్.

"రాగి ఆరాలి."

"ఓహో."

ఆ రోజు ఆమె సుత్తి ఎత్తలేదు. గోడ మీది బొమ్మను చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకునేది పట్టువస్త్రం మడతలను. చేత్తో పట్టుకుంటే జారేలా ఉన్నాయి రోషే గారూ, అనేవారు. ఈయన తల దించుకునేవాడు. అణకువ అనుకుందామె. మత్యూకు కూడా చూపించి, నేర్చుకో మీ నాన్నను చూసి, అంది ఒకసారి. ఆ తల దించుకోవడం ఇప్పుడు కళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ జరుగుతోంది. చెవుల వెనక వేడిగా ఉంది. తన జాలినంతా ఎవరో దొంగిలించినట్టు అనిపించింది. మూడు రోజులు తను ఎవరి కోసం ఊపిరి బిగబట్టి కాగితం విప్పింది?

సాయంత్రం ఆయన గోడవైపు తిరిగాడు. "వాడెలా ఉన్నాడు?"

"మీకే తెలియాలి," అంది పెరీన్.

ఆయన మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు.

* * *

శుక్రవారం వాన. వెలుగు బూడిద రంగు. పెరీన్ పాలు కాచి ఇచ్చి, గిన్నె కడిగి, చేతులు తుడుచుకుంది. తరవాత పలకను రెండు చేతులా ఎత్తి, వీపు పైకి ఉండేలా ముసలాయన ఒళ్ళో పెట్టింది.

ఆయన ఉలిక్కిపడలేదు. బరువు తగలగానే చేతులు దాని చుట్టూ సర్దుకున్నాయి.

"కడిగావా?"

"కడిగాను."

వేళ్ళు వెతుక్కోలేదు. తిన్నగా తల వెనకకు వెళ్ళాయి, ఇంట్లో చీకట్లో గడియ దగ్గరికి వెళ్ళినట్టు. గుండ్రంగా ఒకసారి తిరిగాయి. అక్కణ్ణుంచి కింద మూలకు జారాయి. ఆ పట్టీ మీద చూపుడువేలు ఆగిపోయింది.

"ఎవరిది మామయ్యా?"

"తెవెనో గారిది." ఆయన వేలు ఆ పట్టీ వెంట ఒకసారి నడిచింది. "మా గురువు. ఆ కవచం ఆయనది. ఆ మడతలు ఆయనవి. తల ఉండేది ఒక డ్యూకుది. ఆ డ్యూకు మీద రాజుగారికి కోపమొచ్చింది. ఈ మొరాన్ వాళ్ళ నాన్న పలక తెచ్చి నా ముందు పెట్టాడు. తల ఒక్కటే అన్నాడు."

"పేరు కూడా ఆయనే మార్చమన్నాడా?"

"తల కొత్తది కాబట్టి పేరూ కొత్తదుండాలన్నాడు. నేను కాదనలేదు." వేలు పట్టీ మీదే ఉంది. "కాదనాలని కూడా అనిపించలేదే. అదీ సంగతి. నాకప్పటికి యాభై రెండు. నా పేరున్న పలక ఒక్కటీ లేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, సంతోషంతో."

వాన కాగితపు చట్రం వెనక టపటపలాడుతోంది. పెరీన్ నిన్నంతా సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ ఈ మనిషి సమాధానం దాస్తాడన్న ధైర్యంతో పోగుచేసుకున్నవి. ఇప్పుడు వాటికి పని లేకుండా పోయింది.

"ఆయనెక్కడున్నాడప్పుడు?"

"పక్క గదిలో. మంచం మీద. తలుపు తెరిచే ఉండేది, దగ్గొస్తే నేను వెళ్ళాలి గదా. ఏంట్రా కొడుతున్నావు అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"మ్యాపన్నాను. ఈ వీధిలో గీకేవాణ్ణి ఎవణ్ణి అడిగినా మ్యాపే అంటాడు. నేల కొలిచేవాళ్ళు ఏడాదికో మాట మారుస్తారు గనక ఎవరికీ అనుమానం రాదు."

పెరీన్ ముక్కాలిపీట మీద కూర్చుంది. అడగకముందే జవాబు తెలిసిపోయింది, అయినా అడిగింది.

"ఏ నది అన్నారు?"

"లువార్. ఇంకే నదంటాం? పొడుగ్గా ఉంటుంది, వంకలుంటాయి."

"దానికాయన ఏమన్నాడు?"

ముసలాయన నవ్వబోయాడు. పెదవులు దానికి సహకరించలేదు.

"గట్లు మార్చే నది, మెల్లగా కొట్టు అన్నాడు."

కింద అచ్చుయంత్రం ఆగింది. ఎవరో ఎవరినో గుడ్డలు తెమ్మని కేకేశారు. మళ్ళీ చక్రం మూలిగింది.

"ఇరవై రెండేళ్ళు," అన్నాడు బాజిల్. "ఆయన ఈ సంగతి తెలీకుండానే పోయాడని అనుకున్నాను. అదొక్కటే మంచి పని చేశాననుకున్నాను, చెప్పకపోవడం. సోమవారం నువ్వు లువార్ అన్నావు. ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వచ్చాకే తెలిసిందే పెరీన్. తెలిసినవాడి నోట్లోంచి తప్ప రాదు ఆ మాట."

ఆమె దగ్గర పెట్టుకున్న ఆ వేడి ఇటుక ఎప్పుడో చల్లారిపోయింది. ఈయన సోమవారం నుంచి ఆమెను కాపాడుతూ వచ్చాడు. కత్తి మొద్దుబారిందని కసురుతూ, లువార్ పెద్ద నదని ఒప్పుకుంటూ. తను చెక్కిన చెంపను తన కోడలు గీకుతుంటే ఆ చప్పుడును లాగుడు లాగుడునా వింటూ. సాయంత్రాలు చెంప ఉందా అని అడిగి, ఉందని చెప్పించుకుంటూ. ఎవరు ఎవరి మీద జాలిపడ్డారో తేల్చడానికి ఆమెకు ఓపిక లేదు. ఓపిక లేకపోవడమే హాయిగా ఉంది.

"దాగలి ఇటు జరుపు," అన్నాడు ముసలాయన.

"ఎందుకు?"

"రెండుసార్లు గీకిన రాగి. కాగితమంత పల్చన అయి ఉంటుంది చెంప దగ్గర. నువ్వొక్కదానివే కొడితే చిల్లు పడుతుంది. నేను పట్టుకుంటాను. చిన్న సుత్తి తీసుకో, గుండ్రటి మొహం ఉన్నది."

దాగలి ఇనప దిమ్మెను కుర్చీ దగ్గరికి లాక్కొచ్చి, దాని మీద దళసరి కాగితం పరిచింది. పలకను బోర్లా పెట్టింది. కంపాసు గీత ఎక్కడుందో ఆయన వేలు పట్టుకుని చూపించింది. ఆయన రెండు అంచులూ పట్టుకుని, తల పక్కకు వంచి, చెవి పలక దగ్గరగా పెట్టాడు.

"బయటనుంచి లోపలికి రా. కొట్టొద్దు. సుత్తి బరువే పడనీ."

ఆమె మొదలుపెట్టింది. దెబ్బ దెబ్బకూ ఆయన పలకను గోరంత తిప్పుతున్నాడు.

"నావి ఎక్కడున్నాయి?"

"మధ్యలో."

"నీవి?"

"చుట్టూరా."

"ఊఁ. రా." ఇరవై దెబ్బలు పడ్డాయి. "ఆగు. వినపడిందా?"

"ఏమిటి?"

"గొంతు మారింది. సన్నగా పలికింది. అక్కడింక ముట్టుకోకు. ఎడమకి జరుగు."

మధ్యాహ్నం దాకా అలా సాగింది. ఆమె చూస్తోంది, ఆయన వింటున్నాడు. ఒకసారి తిరగేసి సూటిబద్ద ఆనించి చూస్తే, గుంట పోయింది. కవచం మెడ మీద మట్టమైన, మచ్చలేని రాగి. ఆమె చెయ్యి పట్టుకుని అక్కడ పెడితే, ఆయన బొటనవేలితో తుడిచి చూశాడు.

"ఏమీ లేదు," అన్నాడు. పనిని మెచ్చుకునే గొంతుతోనే అన్నాడు.

తరవాత నునుపు కడ్డీ అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు. పలకను ఆయన ఒళ్ళో ముందువైపు పైకి ఉండేలా సర్ది, పేరున్న చోట ఆయన ఎడమ చూపుడువేలు పెట్టి, కడ్డీ మీద ఒక చుక్క నూనె వేసి కుడిచేతికిచ్చింది. ఆయన రుద్దడం మొదలుపెట్టాడు. చేతిలో బలం లేదు. కడ్డీ జారి పక్కకు పోతోంది, మళ్ళీ వేలితో వెతుక్కుంటున్నాడు. ఆ అక్షరాలు చెరపడానికి సాయంత్రం దాకా రుద్దాడు. పెరీన్ సాయం చేస్తానంది.

"ఇది నువ్వు చేసే పని కాదే."

నాలుగు గంటలకు ఆమె చూసింది. అక్షరాలు మసకబారాయి. పోలేదు. శ్రద్ధగా చూసేవాడికి ఇంకా తెలుస్తాయి.

"పోయిందా?"

"పోతోంది," అంది.

ఆ సాయంత్రం ఆయన గోడవైపు తిరగలేదు.

* * *

శనివారం మొరాన్ పలకను దుకాణం గుమ్మం దాకా తీసుకెళ్ళి, వెలుగులో అటూ ఇటూ వాల్చి చూశాడు. అరచేత్తో నిమిరాడు.

"భేష్. ఇక్కడ ఎప్పుడూ ఎవడూ లేనట్టే ఉంది." తరవాత భృకుటి ముడిచాడు. "పేరు మసకబారిందేం?"

"అచ్చులు వేసి వేసి అరిగిందండీ."

"వారం కింద బాగానే ఉన్నట్టుందే."

"తల తీశాక చూపు దాని మీద పడుతుంది కదా. అందుకని తెలుస్తోంది."

"అదీ నిజమే. పోనీలే, అక్షరాలు చెక్కేవాడు సోమవారం వస్తాడు. అదే పేరు దిట్టంగా మళ్ళీ చెక్కిస్తాను."

"వద్దులెండి," అంది పెరీన్. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"వద్దంటావేం?" మొరాన్ ఆశ్చర్యపోయాడు. అతని మొహంలో నిజమైన దయ కనిపించింది, అదే ఆమె నోరు కట్టేసింది. "తల ఎలాగూ పోయింది పాపం. ముసలాయనకి ఆ మర్యాదైనా దక్కనీ. నేను మాట ఇస్తున్నాగా, నేనున్నన్నాళ్ళు ఆ పలక మీద రోషే పేరు చెరగదు."

పలకను అరలో పెట్టాడు. దాని వీపు ఎవరూ చూడరు. మళ్ళీ కాగితాలు అతికిస్తారు. ఇంకో అర లాగి ఇంకో పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. అది మ్యాపట, తీరంలో ఒక మూల తప్పు పడిందట, వచ్చే వారానికి కావాలట.

నాలుగు అంతస్తులు. మూడుసార్లు ఆగింది. హెర్రింగు వాసన, చక్రం మూలుగు. తలుపు తోసేసరికి ముసలాయన కిటికీ వెలుగుకు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం తెచ్చావు?"

"మ్యాపు."

ఆయన కనుబొమలు లేచాయి. "మళ్ళీనా?"

"నిజంగా మ్యాపే మామయ్యా. ఒట్టు."

"ఏ నది?"

"నది కాదు. సముద్రం ఒడ్డు."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వే అయి ఉంటుంది, చప్పుడు మాత్రం రాలేదు. కంబళి సర్దుకుని, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"పేరు?"

పెరీన్ పొట్లాన్ని బల్ల మీద పెట్టింది. తాడు ముడి విప్పుతోంది.

"పోయింది."

ముసలాయన బొటనవేలు కంబళి అంచు మీద ముందుకీ వెనక్కీ నడిచింది.

"ఎక్కడికి పోయిందే," అన్నాడు, "లువార్‌లోకా?"

ఆమె కాగితం విప్పి, పలకను రెండు చేతులా ఎత్తి, ముందువైపు చూడకుండానే తిరగేసి, వీపును కిటికీ వెలుగుకు పట్టింది.